మొహం మీదే, మనిషి వేరు: హాస్య వేదిక కోసం ‘రెండో మనిషి’ని తయారుచేసుకోవడం ఎలా?

అప్పిచ్చిన డబ్బు తిరిగి అడగడం నాకు చేతకాదు. తీసుకున్నవాడు ఎదురైతే నేనే పక్క సందులోకి తప్పుకుంటాను, బాకీ నాదే అయినట్టు. ఇదే మనిషికి ఓ నోటు పుస్తకం ఇచ్చి, చెవిలో పెన్ను పెట్టి స్టేజ్ ఎక్కిస్తే, ముందు వరసలో కూర్చున్నాయన్ని పట్టుకుని “మీ నాన్నగారు 1994లో మా అక్క పెళ్లికి నూట పదహార్లు అని రాయించారు. చేతిలో పెట్టింది పదహార్లు. ఆ వంద సంగతేంటి?” అని దబాయిస్తాడు. వాడి పేరు వరహాలు. పెళ్లిళ్లలో చదివింపులు రాయడం వాడి పని. వాడి గొంతు నాదే, కాళ్లూ చేతులూ నావే. కానీ వాడికున్న ధైర్యంలో నాకు పావలా వంతు కూడా లేదు.

ఇలాంటివాణ్ణే ఆల్టర్ ఈగో అంటారు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం ‘మరో నేను’. మనం రెండో మనిషి అనుకుందాం. ఇది మిమిక్రీ కాదు. నేరెళ్ల వేణుమాధవ్ గారిలాంటి మహానుభావులు చేసింది ఎదుటివాళ్ల గొంతును తమ గొంతులోకి తెచ్చుకోవడం. అది వేరే విద్య, ఏళ్ల సాధన. నాటకంలో వేషం కూడా కాదు. నాటకంలో మాటలు ఎవరో రాసిపెట్టి ఉంటారు. రెండో మనిషిని మీరే పుట్టించాలి, మీరే పెంచాలి, ఎవరూ రాయని ప్రశ్నకి కూడా వాడి చేత జవాబు చెప్పించాలి.

రోజుకో గంట కేటాయిస్తే ఆరు వారాల్లో ఓ మాదిరిగా నిలబడతాడు. ఓపెన్ మైక్‌కి వెళ్లేవాళ్లకీ, అపార్ట్‌మెంట్ సంక్రాంతి ఫంక్షన్లో పది నిమిషాలు ఏదైనా చేయమని అడిగించుకునేవాళ్లకీ, అమెరికాలో తెలుగు సంఘాల ఉగాది సభల్లో స్కిట్లు వేసేవాళ్లకీ పద్ధతి ఒకటే.

1. సరుకు మీ ఇంట్లోనే వెతకండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. “నాకు బొత్తిగా సంబంధం లేని మనిషిని చేస్తాను” అని మొదలుపెడతారు. మూడో నిమిషానికి ఊపిరాడదు, ఎందుకంటే ఆ మనిషి గురించి వాళ్లకి మూడు నిమిషాల విషయమే తెలుసు.

దీనికి పాఠం కావాలంటే విరాటపర్వం తీయండి. తిక్కన తెలుగులో భారతం మొదలుపెట్టిందే అక్కడ. పన్నెండేళ్ల అరణ్యవాసం అయింది, పదమూడో ఏడు ఎవరికీ దొరక్కుండా గడపాలి. ఐదుగురు అన్నదమ్ములు, ఒక భార్య, అందరికీ కొత్త పేర్లు, కొత్త కొలువులు. ఎవరు ఏ వేషం ఎంచుకున్నారో చూడండి. తిండిపుష్టి గల భీముడు వంటవాడయ్యాడు, వలలుడు. గుర్రాలు తెలిసిన నకులుడు గుర్రాల సాలకి, ఆవులు తెలిసిన సహదేవుడు ఆలమందకి. ఊర్వశి శాపాన్ని అర్జునుడు ఆ ఏడాదికి అక్కరకు తెచ్చుకుని, నాట్యం నేర్పే బృహన్నల అయ్యాడు. ఎవరూ తమకి రాని పని పెట్టుకోలేదు.

అందరికంటే నాకు ఆశ్చర్యం ధర్మరాజు. జూదంలో రాజ్యం, తమ్ముళ్లు, భార్య, అన్నీ పోగొట్టుకున్నవాడు కంకుభట్టు అనే పేరుతో విరాటరాజు పక్కన కూర్చుని పాచికలాడే కొలువు కోరుకున్నాడు. తనకి అతి పెద్ద అవమానం తెచ్చిన దాన్నే వేషంగా కట్టాడు. పైగా “నేను ధర్మరాజుకి స్నేహితుణ్ణి” అని చెప్పుకున్నాడు. భీముడు ధర్మరాజు దగ్గర వంట చేశానన్నాడు. ద్రౌపది సైరంధ్రిగా వచ్చి, ద్రౌపది దగ్గర పనిచేశానంది! అబద్ధాన్ని నిజానికి ఎంత దగ్గరగా కట్టారో చూడండి.

ఇక మీ పని. కాగితం మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు, మీరు కళ్లు మూసుకుని చేయగలిగే పనులు రాయండి: బస్సుల టైములు చెప్పడం, పిల్లలకి లెక్కలు నేర్పడం, ఆఫీసులో ఎక్సెల్ షీట్లు, ఏదైనా సరే. కుడివైపు, మీకు సిగ్గుగా అనిపించేవి, చేతకానివి. “కాదు” అనలేకపోవడం, బట్టతల గురించి దిగులు, ఇంగ్లీషు తడబడటం. రెండు వైపుల నుంచి ఒక్కొక్కటి తీసి జత చేసి చూడండి. నాకు ఎడమవైపు పద్దులు వచ్చాయి, నేను అకౌంట్స్ మనిషిని కాబట్టి. కుడివైపు, డబ్బు అడగలేకపోవడం. రెండూ కలిసిన చోటే వరహాలు పుట్టాడు. జత కుదిరితే మీకే తెలుస్తుంది, నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. నవ్వు ఒక్కటే వస్తే ఇంకో జత చూడండి.

2. పేరు, ఊరు, జీతం

పేరు పెట్టకుండా రిహార్సల్ మొదలుపెట్టకండి. పేరు లేని వేషం అర గంటలో మళ్లీ మీలా మాట్లాడటం మొదలుపెడుతుంది. పేరు నోటికి తేలిగ్గా అందాలి, వెనక వరస నుంచి ఎవరైనా గట్టిగా పిలవగలగాలి. పేరులోనే జోకు దాచాలని చూడకండి. ‘జోకుల జోగారావు’ లాంటి పేరు పెడితే ముందే చెవులు మూసుకుంటారు. ఆస్ట్రేలియా హాస్యనటుడు బ్యారీ హంఫ్రీస్ 1955లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టిన గృహిణి వేషం ఎడ్నా ఎవరేజ్ ఇంటిపేరులో ఇంగ్లీషు ‘యావరేజ్’ దాగి ఉంది, కానీ అది వినగానే పేరులాగే వినిపిస్తుంది.

పేరు తర్వాత ఊరు, పుట్టిన ఏడు, చదువు, జీతం, అద్దె. పోర్చుగల్ కవి ఫెర్నాండో పెస్సోవా (1888–1935) ఈ పనిలో అందరికీ తాత. ఆయన మారుపేర్లతో రాయలేదు, మారు మనుషులను పుట్టించాడు. ఆల్వరో ద కాంపోస్ గ్లాస్గోలో చదివిన నౌకా ఇంజనీరు, రికార్దో రేయిష్ డాక్టరు, అల్బెర్తో కయేరో పెద్దగా చదువు లేనివాడు. ముగ్గురికీ మూడు రకాల కవిత్వం. వాళ్లకి జాతకాలు కూడా వేశాడు. మనకి జాతకం దాకా అక్కర్లేదు, ఒక పేజీ చాలు. వరహాలుది విజయనగరం, నాదీ అదే. మీకు తెలిసిన ఊరే పెట్టండి. తెలియని ఊరు పెడితే, ఆ ఊరివాడొకడు తప్పకుండా మూడో వరసలో కూర్చుని ఉంటాడు.

3. వాడికి ఏం కావాలి?

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ చెలికత్తె మాధవి ఉంది కదా. సత్యభామ విరహంతో కుంగిపోతుంటుంది, కృష్ణుడికి ఉత్తరం అందించమని బతిమాలుతుంది. మాధవి వెంటనే వెళ్లదు. మొగుడి పేరు చెప్పమని ఆటపట్టిస్తుంది, సత్యభామ సిగ్గుపడుతుంది. ఆ తర్వాత అసలు బేరం: ముక్కర ఇస్తేనే ఉత్తరం కదులుతుంది. ఎంత పెద్ద విరహమైనా మాధవికి ముక్కర ముందు. హాస్యమంతా ఆ చిన్న కోరికలోంచే పుడుతుంది. (ఇంకో తమాషా: కథ నడిపించే సూత్రధారే సత్యభామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు. ఒకే మనిషి, ఇద్దరి మధ్య మూడు హోదాలు.)

మీ రెండో మనిషికి చేత్తో పట్టుకోగలిగే కోరిక ఒకటి ఉండాలి. ‘గౌరవం కావాలి’ అంటే కుదరదు. ‘పెళ్లి కార్డులో తన పేరు పడాలి’ అంటే ఆడొచ్చు. వరహాలుకి ఆ బాకీ వంద కావాలి. అంతే.

కోరిక పక్కనే, తన గురించి తనకి తెలియని విషయం ఒకటి రాసుకోండి. ఉత్తరకుమారుణ్ణి గుర్తుతెచ్చుకోండి. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవ సేనను ఊచకోత కోస్తానన్నాడు, సారథి లేడు కానీ లేకపోతేనా అన్నాడు. బృహన్నల సారథిగా దొరికింది. సేన కనపడగానే రథం దిగి పరుగు! పిరికివాడినని అతనికి తెలిసి ఉంటే ఆ సన్నివేశంలో నవ్వు లేదు. నిజంగానే వీరుణ్ణనుకున్నాడు కాబట్టే ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ మన నోట్లో నానుడి అయింది. వరహాలుకి తెలియనిది: ఆ వంద కోసం వాడు ఇప్పటికి బస్సు చార్జీలకే వేలు ఖర్చుపెట్టాడు.

4. ఒళ్లు, బట్టలు, ఒకే ఒక వస్తువు

చార్లీ చాప్లిన్ 1914లో కీస్టోన్ స్టూడియోలో ఉన్నప్పుడు తన పేదవాడి వేషాన్ని బట్టలతోనే మొదలుపెట్టాడు. ఒదులు ప్యాంటు, బిగుతు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు. ప్రతి దానికీ ఎదురుగా ఇంకొకటి. వయసు ఎక్కువగా కనపడాలని మీసం, అది కూడా మొహంలో భావం దాచనంత చిన్నది. బట్టలూ మేకప్ తగిలించుకున్నాకే ఆ మనిషెవరో తనకి తెలిసిందని ఆయనే రాసుకున్నాడు. కోటూ కర్రా పెద్దమనిషివి, ప్యాంటూ బూట్లూ లేనివాడివి. ఆ తగువు బట్టల్లోనే ఉంది.

మీరు మాత్రం ముందు కాళ్లతో మొదలుపెట్టండి. ఎలాంటి చెప్పులు వేసుకుంటాడు, బరువు ఏ కాలి మీద వేస్తాడు, కూర్చునేటప్పుడు ముందు ఏం సర్దుకుంటాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గది ఈ చివర నుంచి ఆ చివరకి పది సార్లు నడవండి. నడక కుదిరాక గొంతు దానంతటదే వస్తుంది. గొంతుతో మొదలుపెడితే నడక మీ సొంత నడకగానే ఉండిపోతుంది, చూసేవాళ్లకి ఏదో తేడా కొడుతుంది.

వస్తువు ఒక్కటే. వరహాలుకి నోటు పుస్తకం, దానికి రబ్బరు బ్యాండు. బ్యాండు లాగి వదిలినప్పుడు వచ్చే ‘టప్’ చప్పుడే వాడి రాక. నేను మొదట కండువా, కళ్లజోడు, తాంబూలం పళ్లెం, గొడుగు కూడా పట్టుకెళ్లాను. స్టేజ్ మీద అవి సర్దుకోవడానికే సగం టైమ్ పోయింది. అర్జునుడి గాజులు చూడండి: అల్లెతాడు ఒరిపిడికి చేతుల మీద కాయలు కాసిన మచ్చలు ఉంటాయి కాబట్టి వాటిని కప్పేలా గాజులు వేసుకున్నాడు. మంచి వస్తువు ఇలా రెండు పనులు చేస్తుంది. పైకి వేషం, లోపల మీ ఇబ్బందికి మరుగు. నా చేతులు వణుకుతాయి. పుస్తకం పట్టుకుంటే వణుకు కనపడదు.

చీర కట్టే మగవాళ్లకి ఒక మాట. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా వస్తే ఆయన మగవాడని గుర్తుకు రావడానికి కష్టపడాలి అనేవారు. అందులో నవ్వించింది సత్యభామ గర్వం, చీర కాదు. చీర కట్టుకోవడమే జోకు అనుకుంటే మీ దగ్గర ఇంకే జోకూ లేదన్నమాట. ఆ తరహా స్కిట్లు చూసి చూసి విసుగొచ్చింది, అందుకే చెబుతున్నాను.

5. మాట: ఈ గైడులో అసలు విషయం ఇదే

విరాటుడి కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నే ఘట్టం ఉంది. భీముడికి ఒళ్లు మండింది. పక్కనే ఉన్న పెద్ద చెట్టు వైపు చూశాడు, పెరికి అందరినీ చావగొట్టడానికి. అలా చేస్తే అజ్ఞాతవాసం అక్కడితో సరి. ధర్మరాజు తమ్ముడని పిలవలేడు, ‘ఆగు’ అనలేడు. ఏమన్నాడు? వలలుడు అటు చూస్తున్నాడేమిటి, వంటకి కట్టెలు కావాలంటే బయట వేరే చెట్లు లేవా, పదిమందికి నీడనిచ్చే ఈ చెట్టు జోలికి పోవడమెందుకు అన్నాడు. సభలో ఉన్నవాళ్లకి వంటవాడికి చెప్పిన మాట. భీముడికి అన్న ఆజ్ఞ.

అక్కడితో ఆగలేదు. ఏడుస్తున్న ద్రౌపదిని ఉద్దేశించి కంకుభట్టు, ఇలా నాట్యకత్తెలా సభలో నిలబడటం తగదన్నట్టు మాట్లాడాడు. ఆవిడ ఇచ్చిన జవాబు తెలుగులో ఉన్న గొప్ప డైలాగుల్లో ఒకటని నా లెక్క. నిజమే, నా భర్త నటుడే, పెద్దవాళ్ల తీరే చిన్నవాళ్లకి వస్తుంది, పైగా ఆయన జూదరి, జూదరి పెళ్లానికి పెద్దరికం ఎక్కడిది అంది. సభకి అది ఎవరో ఊరూపేరూ లేని మొగుడి మీద ఫిర్యాదు. ధర్మరాజుకి మొహం మీద చరిచినట్టు. ఒక్క మాట కూడా వేషం దాటలేదు.

రెండో మనిషి మాట ఇలా ఉండాలి. మీరు చెప్పదలుచుకున్నది ఏదైనా సరే, వాడి పని సామాన్లతోనే చెప్పాలి. వంటవాడితో కట్టెల గురించి. వరహాలు ప్రేమ గురించి మాట్లాడినా, దేవుడి గురించి మాట్లాడినా పద్దులోనే మాట్లాడతాడు.

దీనికి అభ్యాసం: మీ సొంత మనసులోని ఐదు మాటలు మామూలుగా రాయండి. పక్కన వాడి భాషలో మళ్లీ రాయండి. నావి కొన్ని:

“ఆయన పోయాడని విని బాధేసింది” అనేది వరహాలు నోట “ఆయన పేజీ కొట్టేశాను. కొట్టేసేటప్పుడు పెన్ను ఆగింది” అవుతుంది.

“కొడుకు అమెరికా వెళ్లాక ఫోన్ చేయడం తగ్గించాడు” అనేది “రాబడి కాలమ్‌లో ఈ నెల కూడా గీతే”.

“నా పెళ్లాం అంటే నాకు ఇష్టం” దగ్గర నాకు రెండు వారాలు పట్టింది. చివరికి ఇలా వచ్చింది: “ఆవిడ దగ్గర లెక్క అడగను.” దీనికి జనం నవ్వరు. ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం వల్ల తర్వాతి నవ్వు రెట్టింపవుతుంది.

ఐదు మాటల్లో మూడు కుదరకపోతే వాడి వృత్తి మార్చండి. ఆ వృత్తిలో సరిపడా మాటలు లేవని అర్థం.

యాస సంగతి. మీ అమ్మమ్మ మాట్లాడిన యాస అయితే వాడండి, హాయిగా. సినిమాల్లో విని నేర్చుకున్న యాస అయితే వద్దు. శ్రీకాకుళం మనిషి అనగానే అమాయకుడు, ఇంకో ఊరివాడు అనగానే కత్తి పట్టుకునేవాడు, ఈ లెక్కలు రాసింది ఆ ఊళ్లవాళ్లు కాదు. వరహాలు మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతాడు, యాస మీద వాడికి ఒక్క జోకు కూడా లేదు.

6. లెక్క పుస్తకం

వాడి గురించి స్టేజ్ మీద ఏం చెప్పినా ఇంటికొచ్చి రాసుకోండి. ఎన్ని పెళ్లిళ్లు, ఎంతమంది పిల్లలు, ఏ ఏడు ఏం జరిగింది. ఈసారి ముగ్గురు కూతుళ్లు, వచ్చేసారి ఇద్దరు అయితే ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

ఆస్కార్ వైల్డ్ 1895 నాటి నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’లో జాక్ లేని తమ్ముణ్ణి పుట్టించి ఎర్నెస్ట్ అని పేరు పెట్టుకుంటాడు, పట్నంలో ఆ పేరుతోనే తిరుగుతాడు. విసుగొచ్చి తమ్ముణ్ణి చంపేద్దామనుకుని, నల్లబట్టలు వేసుకుని పల్లెకొచ్చి, ప్యారిస్‌లో జలుబు చేసి పోయాడని చెబుతాడు. ఆ సరికే అతని స్నేహితుడు నేనే ఎర్నెస్ట్‌ని అంటూ వచ్చి ఇంట్లో కూర్చుని ఉన్నాడు. నాటకంలో అది అద్భుతం. మీ సెట్‌లో, అంటే స్టేజ్ మీద మీరు చేసే అంశంలో, జరిగితే మాత్రం వేషం కూలిపోతుంది, జాక్‌కి ఉన్న నాటకకర్త మీకు లేడు కదా.

7. మొదటి ఐదు నిమిషాలు రాయడం

ఐదు నిమిషాలంటే ఆగుతూ, నవ్వులకి చోటిస్తూ నాలుగొందల మాటలకి మించదు. మొదటి పావు నిమిషంలో వాడెవడో, ఏం కావాలో తెలిసిపోవాలి. వరహాలు మొదలు ఇలా ఉంటుంది:

“కూర్చోండి, కూర్చోండి. భోజనాలకి ఇంకా పిలవలేదు. నేను చదివింపులు రాయబట్టి ముప్పై ఏళ్లు. కవరు చూడక్కర్లేదు, మనిషిని చూస్తే చెప్తాను ఎంతుందో. కవరు రెండు చేతులతో వంగి ఇచ్చాడా, నూట పదహార్లు. ఒంటి చేత్తో ఇచ్చాడా, ఐదొందల పదహార్లు. కవరుతో ఫొటో దిగి మళ్లీ జేబులో పెట్టుకున్నాడా, మా బావ.

ఓ గోడ గడియారం ఉందండి. 2003లో పార్వతీపురంలో బయల్దేరింది. పదకొండు పెళ్లిళ్లు తిరిగింది. అట్టపెట్టె ఇంతవరకు ఎవరూ విప్పలేదు. ప్రతి పెళ్లిలోనూ నేనే రాశాను, గోడ గడియారం ఒకటి, గోడ గడియారం ఒకటి అని. మొన్న మా అమ్మాయి పెళ్లికి వచ్చింది. విప్పి చూద్దును కదా, లోపల చీటీ. ‘వరహాలు దంపతులు, ఆశీస్సులతో’.”

ఇందులో చూడాల్సింది చివరి మలుపు. వాడు ఊరందరినీ లెక్కగట్టి చివరికి తన పద్దులోనే తను దొరికాడు. రాసేటప్పుడు వాడి తెలివి చూపించే మాటలు మూడు, వాడే దొరికిపోయే మాట ఒకటి, ఈ పాళ్లు నాకు బాగా పనిచేశాయి. అన్నీ తెలివి మాటలే అయితే జనం వాడికి దూరమవుతారు.

బృహన్నల చేసిన చిన్న పని కూడా ఇక్కడ దొంగిలించండి. యుద్ధానికి బయల్దేరేటప్పుడు కవచం ఇస్తే, తెలియనట్టు తలకిందులుగా తొడుక్కోబోయింది. అంతఃపురం పిల్లలు పకపకా నవ్వారు. కవచం గురించి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అర్జునుడే! బాగా వచ్చిన పనిని రానట్టు చేయాలంటే ముందు అది బాగా రావాలి. వరహాలు తప్పుగా కూడే కూడికలు ఎక్కడ తప్పాలో నేను కచ్చితంగా లెక్కేసుకుంటాను.

8. బయటికి తీసుకెళ్లే ముందు

స్నేహితుణ్ణి కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. పది నిమిషాలు వాడు అడిగిన వాటికల్లా మీరు రెండో మనిషిగానే జవాబు చెప్పాలి. పొద్దున ఏం తిన్నావు, ఎవరికి ఓటేస్తావు, చివరిసారి ఎప్పుడు ఏడ్చావు. తర్వాత విని, మీ సొంత గొంతు ఎక్కడ దూరిందో రాసుకోండి. నాకైతే ప్రతిసారీ ‘యాక్చువల్‌గా’ అన్న మాట దగ్గర దొరికిపోయేవాణ్ణి. వరహాలు ఆ మాట అనడు.

మధ్యలో ఎవరైనా అరిస్తే భయపడకండి, అది వరం. మీకు మీరుగా జవాబు తట్టకపోవచ్చు కానీ, వాడికి అలవాటైన పని ఒకటి ఉంటుంది. వరహాలు అరిచినవాడి పేరు అడిగి పుస్తకంలో రాసుకుంటాడు, అంతే. తర్వాత ఐదు నిమిషాలకి మళ్లీ ఆ పేరు చదువుతాడు.

ఒకసారి మాత్రం పరువు పోయింది. ఒక అపార్ట్‌మెంట్ ఫంక్షన్లో ఒక పెద్దావిడ లేచి, నిజంగానే నూట పదహారు రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను నవ్వేసి నా గొంతుతో “అయ్యో, వద్దండీ” అన్నాను. వరహాలు చచ్చిపోయాడు అక్కడే. వాడైతే లెక్కపెట్టుకుని, చిరిగిన నోటు తిరిగిచ్చేవాడు.

9. ముసుగు ఎప్పుడు తీయాలి

అందరూ తీయరు. ఎడ్నాని బ్యారీ హంఫ్రీస్ అర శతాబ్దం పైన మోశాడు. ఆమె గురించి వేరే మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. మామూలు గృహిణిగా మొదలైన ఆవిడ ప్రపంచ తారనని చెప్పుకునే దాకా ఎదిగింది. అమెరికా హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్ టోనీ క్లిఫ్టన్ అనే మొరటు గాయకుడి వేషం కట్టి, అది నేను కాదనేవాడు. కొన్నిసార్లు ఆ వేషంలో నిజంగానే ఇంకొకరు వచ్చేవారు, ఆయన స్నేహితుడు బాబ్ జ్ముడా.

తీయాలనుకుంటే మాత్రం తీసే క్షణాన్ని వృథా చేయకండి. కన్యాశుల్కంలో వేషాల పందేరమే ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళుతుంది. వేశ్యల మొహం చూడనన్న మనిషి ముందు ఆ వేషం తీసేసరికి, నాటకమంతా వేళాకోళంగా నడిచిన విషయం ఒక్కసారిగా గంభీరమవుతుంది. అంతసేపు నవ్వించింది ఆ ఒక్క క్షణం కోసమే అనిపిస్తుంది. నా సెట్‌లో వరహాలు పుస్తకంలో ఒక పేజీ చింపుతాడు. ఎవరి పేజీయో చెప్పను.

తెలియకుండా జారే ముసుగు వేరు. నలుడు బాహుకుడిగా రూపం మారినా, దమయంతి అతని చేతి వంట రుచి చూసి గుర్తుపట్టింది. మీ వంట రుచి ఏదో మీకు తెలిసి ఉండాలి. నా విషయంలో అది కంగారుపడినప్పుడు ముక్కు రుద్దుకోవడం. ఇప్పుడు అది వరహాలు అలవాటు కూడా అయిపోయింది, దాచలేక.

10. ఎవరి మీద?

వేషం వెనక దాక్కుని ఏమైనా అనొచ్చని కొందరి నమ్మకం. మాట జారితే “నేను కాదు, పాత్ర అంది” అంటారు. జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఊరి పెద్దల్ని దులిపేవాళ్లంటే అది వినేవాళ్లంతా పెద్దల ఎదుట మాట్లాడలేనివాళ్లు కాబట్టే చెల్లింది.

నా నియమం ఒక్కటే: తక్కువ చదివించినవాడి పేదరికం మీద వరహాలు నోరెత్తడు. ఎక్కువ ఇచ్చినట్టు మైకులో చెప్పించుకున్నవాడి డాబు మీద ఎంతైనా మాట్లాడతాడు. మీ మనిషికి ఇలాంటి గీత ఒకటి ముందే గీసుకోండి, స్టేజ్ మీద గీయడానికి టైమ్ ఉండదు.

నిజం మనుషుల్ని వేషంతో బురిడీ కొట్టించే దారి ఇంకొకటి ఉంది, బ్రిటిష్ హాస్యనటుడు సాషా బారన్ కోహెన్ అలీ జీ, బోరాట్ అనే వేషాలతో వెళ్లిన దారి. దాని చిక్కు ఏమిటంటే పేరొస్తే పని ఆగిపోతుంది. అందరూ గుర్తుపట్టడంతో ఆయన 2007లో ఆ వేషాలకి సెలవు చెబుతున్నానన్నాడు. కొత్తవాళ్లకి నేను ఆ దారి చెప్పను. దొరికినవాడికి కోపం వస్తే మీ వెనక లాయరు ఉండడు.

11. వేషం విప్పడం

స్టీవెన్సన్ 1886లో రాసిన జెకిల్, హైడ్ కథలో భయపెట్టేది హైడ్ దుర్మార్గం ఒక్కటే కాదు. డాక్టర్ జెకిల్ మొదట మందు తాగితే హైడ్‌గా మారేవాడు, తర్వాత తాగకపోయినా మారిపోతుంటాడు. నిద్ర లేచేసరికి చెయ్యి హైడ్‌ది. పాండవులైతే ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచారు, ఏడాది గడువు పెట్టుకున్నారు, గడువు తీరాక దించుకున్నారు.

షో అయ్యాక ఇంటికి వెళ్లేదాకా వేషంలో ఉండకండి. నేను నోటు పుస్తకానికి రబ్బరు బ్యాండు చుట్టి సంచిలో వేసి, మొహం కడుక్కుని, ఇంటికి ఫోన్ చేస్తాను. అప్పటికి నేను నేనవుతాను. ఇంట్లో గొడవపడేటప్పుడు వరహాలు గొంతు వాడొద్దని మా ఆవిడ షరతు పెట్టింది. సబబే.

పోయినేడు ఒక షోకి మా పెదనాన్న కొడుకు వచ్చాడు. ఆరేళ్ల కింద నా దగ్గర ఇరవై వేలు తీసుకున్నాడు, నేను ఎప్పుడూ అడగలేదు. షో అయ్యాక లోపలికి వచ్చాడు. నేను అప్పటికే మొహం కడుక్కున్నాను. జేబులో చెయ్యి పెట్టి, కాసేపు నా వైపు చూసి, “తమ్ముడూ, ఆ పుస్తకం ఓసారి తియ్యి, వాడికైతే ఇచ్చేస్తాను” అన్నాడు. “పర్లేదులే అన్నయ్యా, తర్వాత చూద్దాం” అన్నాను. చెయ్యి జేబులోంచి ఖాళీగానే బయటికొచ్చింది.